శిలలను పలికించిన పండితుడు – బ్రహ్మదేశ చరిత్రకారులు గోర్డన్ లూస్ గారి జీవితము, కృషి



మనలో అనేకులు ప్రాతఃకాలమున ముకుందమాల పారాయణ చేయుదురు. కులశేఖరాళ్వారు రచించిన స్తోత్రమది. అందలి యొక శ్లోకము సముద్రమున కావల, బ్రహ్మదేశమున, ఐరావతీ నదీతీరమందలి పగాను నగర సమీపమున శిలాశాసనముగా చెక్కబడి యున్నదని మీలో ఎందరికి తెలియును? ఆ శాసనము 13వ శతాబ్దికి చెందినది. మలైమండలమునందలి, అనగా నేటి కేరళమునందలి, మహోదయపురమునుండి వచ్చిన కులశేఖర నంబి యను భక్తుడు పగానులోని విష్ణ్వాలయమునకు మంటపము కట్టించి, ద్వారము నిలిపి, అఖండ దీపమును ఏర్పాటు చేసినట్లు అందు తమిళ వచనమున వ్రాయబడినది. పైభాగమున ముకుందమాలా శ్లోకము గ్రంథలిపిలో నున్నది. ఆ ఆలయము పేరు నానాదేశి విణ్ణగరము. నానాదేశములనుండి వచ్చిన వర్తకులు కొలిచిన విష్ణ్వాలయమని అర్థము.

ఆ దీపము ఎప్పుడో కొండెక్కినది. వెలిగించిన చేతులు మట్టిలో కలిసిపోయినవి. ఆ భక్తుని పేరు మాత్రము నేటికిని మన చెవికి సోకుచున్నది. కారణమేమి? శిల నిలిచినది, దానిని చదువగలవారు పుట్టిరి. హుల్ట్‌ష్ పండితుడు దీనిని చదివి ఎపిగ్రాఫియా ఇండికా 7వ సంపుటమున ప్రకటించెను. ఇట్లు శిలలను చదువుటయే జీవితవ్రతముగా పెట్టుకొని, బ్రహ్మదేశపు ప్రాచీన చరిత్రకు పునాదులు వేసిన యొక మహనీయుని గాథను నేడు మీకు విన్నవింతును. ఆయన హిందువు కాదు, బౌద్ధుడును కాదు. ఇంగ్లండుదేశపు క్రైస్తవ మతాచార్యుని కుమారుడు. పేరు గోర్డన్ హానింగ్టన్ లూస్.

జననము, విద్యాభ్యాసము

లూస్ గారు 1889 జనవరి 20వ తేదీన గ్లాస్టరు పట్టణమున జన్మించిరి. తండ్రికి కలిగిన పదుమువ్వురు సంతానములో ఈయన పండ్రెండవవారు. కేంబ్రిడ్జియందలి ఎమ్మాన్యుయేల్ కళాశాలలో గ్రీకు, లాటిన్ సాహిత్యములను అభ్యసించిరి. ఆర్థికశాస్త్రవేత్తగా ప్రసిద్ధికెక్కిన కీన్స్, చైనా కవిత్వమును ఆంగ్లీకరించిన ఆర్థర్ వేలీ ఆయన మిత్రులలోని వారు. స్వదేశముననే ఉండినచో ఆయనకు కీర్తికిగాని సౌఖ్యముకుగాని లోటుండెడిది కాదు. కాని 1912లో రంగూను ప్రభుత్వ కళాశాలకు ఆంగ్ల సాహిత్యోపన్యాసకులుగా వచ్చిరి. పాఠము చెప్పుటకు వచ్చినవారు శిష్యులై కూర్చుండిరి.

ఆయనకు దారి చూపినవారు పే మాంగ్ టిన్ గారు. ఈయన 1888లో జన్మించిన బర్మా దేశీయుడు. క్రైస్తవ కుటుంబమున పుట్టియు పాళీ భాషలో అఖండ పండితుడు. బుద్ధఘోషాచార్యుని విశుద్ధిమగ్గమును ఆంగ్లమున కనువదించిన వారీయనే. ఆ బుద్ధఘోషుని స్వస్థలము మన గుంటూరు ప్రాంతమై యుండునని కొందరు పండితులు ఊహించిరి. కావున ఆ గ్రంథము మనకును పరాయిది కాదు. పే మాంగ్ టిన్ గారు తరువాత విశ్వవిద్యాలయమున బర్మీ భాషకు గౌరవస్థానము కల్పించి, జవాన్‌జీ, మింతువున్, తెయిప్పన్ మాంగ్ వ వంటి నవీన రచయితలకు గురువులైరి. పాలకుల భాష ముందు తల్లిభాష తలవంచుకొని నిలిచిన రోజులలో ఆయన చేసిన సేవ అది. మన దేశమునను అట్టి సేవ చేసినవారిని మనమెరుగుదుము గదా!

1915లో లూస్ గారు పే మాంగ్ టిన్ గారి సోదరి టీ టీ గారిని వివాహమాడిరి. నాటి రంగూనులోని తెల్లదొరల సంఘము దీనిని హర్షింపలేదు. ఏలువారికిని ఏలబడువారికిని నడుమ గోడ కట్టుకొనిన కాలమది. లూస్ గారు ఆ గోడను లెక్కచేయలేదు. ఆ యిల్లాలు తరువాతి కాలమున రంగూను వీధులలో దిక్కులేక తిరుగు బాలురకు ఆశ్రయగృహము నడిపెను. భర్త శిథిలములలోని రాళ్లను చేరదీసినచో భార్య వీధిలోని పసివారిని చేరదీసినది. ఈ రెండింటికిని మూలమైన దయ యొక్కటియే.

గ్రంథము చెప్పినది, శిల చెప్పినది

బ్రహ్మదేశమునకు చరిత్ర గ్రంథములు లేకపోలేదు. 1829లో బగ్యీడా మహారాజు పండితులను, భిక్షువులను, బ్రాహ్మణులను సమావేశపరచి, రాజవంశ చరిత్రను కూర్పించెను. పని జరిగిన మందిరమును బట్టి దానికి అద్దాల మేడ వంశావళియని పేరు వచ్చినది. లూస్, పే మాంగ్ టిన్ గారలు ఇరువురును కూడి, పగాను రాజ్యపతనము వరకుగల భాగములను ఆంగ్లమున కనువదించి 1923లో ప్రకటించిరి.

ఆ గ్రంథము బర్మా రాజులను శాక్యవంశమునకు ముడిపెట్టును. అభిరాజను శాక్య రాజకుమారుడు ఉత్తర భారతమునుండి వచ్చి తగాంగు నగరమును స్థాపించెనని చెప్పును. ఈ కథ మనకు వినసొంపుగా నుండును. మన దేశమునుండియే రాజులు వెళ్లిరనిన సంతోషింపనివారెవరు? అయితే లూస్ గారు ఇక్కడ ఆగిపోలేదు. తాము శ్రమించి అనువదించిన గ్రంథమునే ప్రశ్నింపసాగిరి. రాజుల మరణానంతరము అనేక శతాబ్దులకు వ్రాయబడిన గ్రంథము గొప్పదా, రాజు బ్రదికియున్నప్పుడే చెక్కబడిన శిల గొప్పదా? సాక్ష్యములో ఏది ముందు? మన శాస్త్రకారులు ప్రత్యక్షమును ప్రమాణములలో మొదట నిలిపిరి. లూస్ గారును అదే మార్గమున నడిచిరి.

అప్పటినుండి ఆయన శిలాశాసనములను వెదకి, అచ్చులు తీసి, కాలక్రమమున కూర్చు పనికి పూనుకొనిరి. పే మాంగ్ టిన్ గారితో కలిసి వెలువరించిన బర్మా శాసనముల చిత్రఫలక సంపుటములు ఐదు. మొదటిది 1933లో, చివరివి 1956లో వెలువడినవి. నడుమ ప్రపంచయుద్ధము వచ్చినది, దేశము కాలినది, ప్రభుత్వములు మారినవి. ఇరువదిమూడు సంవత్సరములు గడచినను సంకల్పము సడలలేదు. 600కు మించిన ఆ ఫలకములలో 14వ శతాబ్ది వరకుగల దానశాసనములు, దేవతాప్రతిష్ఠలు, భూమి కొలతలు, సేవకుల పేర్లు, శాపవాక్యములు యథాతథముగా భద్రపరుపబడినవి.

శిలలు మాత్రమే చాలవని ఆయన చైనా భాషను నేర్చిరి. చైనా అధికారి యొకడు 9వ శతాబ్దిలో యునాన్ ప్రాంతమునుగూర్చి వ్రాసిన మాన్ షూ అను గ్రంథమును అనువదించిరి. అది 1961లో ముద్రితమైనది. కొండజాతుల మాటలను సేకరించి, వానిని ప్రాచీన బర్మీ పదములతో పోల్చి చూచిరి. ఒక పదమునకు అర్థము తెలియుటకై ఒక భాషనే నేర్చిన తపస్వి ఆయన.

నాలుగు ముఖముల శిల

బ్రహ్మదేశ శాసనములలో కిరీటమువంటిది మ్యజేది శాసనము. దీనికే రాజకుమార శాసనమని పేరు. నాలుగు ముఖములుగల స్తంభముపై ఒకే విషయము పాళీ, ప్యూ, మోన్, బర్మీ భాషలలో చెక్కబడినది. కాలము క్రీ.శ. 1112-13. మరచిపోయిన ప్యూ భాషను 1911లో బ్లాగ్డెన్ పండితుడు మొదటగా చదువగలిగినది ఈ శిల ఆధారముననే.

అందలి వృత్తాంతము హృదయమును కరగించును. పగాను నేలిన చాన్‌సిత్తా మహారాజునకు ప్రియమైన దేవేరి యొకతె యుండెను. ఆమె కుమారుడు రాజకుమారుడు. దేవేరి మరణించిన పిమ్మట రాజు ఆమె ఆభరణములను, మూడు గ్రామముల సేవకులను కుమారునకిచ్చెను. ఇరువది యెనిమిది సంవత్సరములు రాజ్యమేలి రాజు మరణశయ్యపై నుండగా, కుమారుడు తండ్రి చేసిన పోషణమును తలచుకొనెను. తల్లి నగలతో బంగారు బుద్ధప్రతిమను చేయించి, తండ్రి పేర సమర్పించి, ఆ మూడు గ్రామములను ఆ ప్రతిమకే అర్పించెను. రాజు సంతోషించి సాధువాదము పలికి, పెద్దల సమక్షమున భూమిపై నీటిధార విడిచెను.

సోదరులారా! ఆ ధార మనకు తెలియనిది కాదు. కన్యాదానమునందును భూదానమునందును మనము విడుచు ధారయే అది. మతము వేరైనను దానము చేయు చేతి తీరు ఒక్కటియే. ఇంకొకటి గమనింపుడు. ఈ రాజకుమారునకు సింహాసనము దక్కలేదు. వంశావళి చెప్పు రాజ్యకాలములకును ఈ శాసనమునకును పొత్తు కుదరదు. సింహాసనము దక్కని కుమారుడు తండ్రికై చెక్కించిన శిలయే నేడు ఆ తండ్రి కాలమును నిర్ణయించు ప్రమాణమైనది. పితృభక్తి వ్యర్థము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

రాజకుమారుడు కట్టించిన మ్యింకబా గుడి గోడలపై జాతకకథల చిత్రములును, వాని క్రింద ప్రాచీన మోన్ లిపిలో వ్రాతలును కలవు. లూస్ గారు బా షిన్ గారితో కలిసి ఆ వ్రాతలను పరిశీలించి 1961లో ప్రకటించిరి.

విష్ణువు నామము

ఇక మనవారికి ఆసక్తి కలిగించు విషయము. చాన్‌సిత్తా మహారాజు మోన్ భాషలో వేయించిన శాసనములలో, పూర్వజన్మమున తాను విష్ణువను ఋషిననియు, శ్రీక్షేత్ర నగర స్థాపనలో పాలుగొంటిననియు చెప్పుకొనెను. ఆయన నూతన రాజప్రాసాదము కట్టించినప్పుడు బ్రాహ్మణులు నారాయణ పూజ చేసిరి. అదే సందర్భమున బౌద్ధ భిక్షువులు రక్షాసూత్రములను పఠించిరి. పగానులో నేటికిని నిలిచియున్న విష్ణ్వాలయము నత్‌లాంగ్ చాంగ్. దాని గోడల గూళ్లలో దశావతారములు ఉండెడివి. శ్రీక్షేత్రమున గరుడునిపై నిలిచిన విష్ణువును, పద్మముపై నిలిచిన లక్ష్మీదేవియు కలసియున్న శిల్పము దొరకినది. బేయిక్తనో అను ప్రాచీన నగరము పేరునకే విష్ణుపురమని అర్థము.

ఇన్ని విని మనము పొంగిపోవుట సహజము. కాని నిజము పూర్తిగా చెప్పనిచో ప్రవచనము పాపమగును. చాన్‌సిత్తా శాసనమున విష్ణువు జగన్నాథుడుగా కాక, బుద్ధుడు భవిష్యవాణి పలికిన ఋషిగా కనిపించును. అనగా వారు మన దేవుని స్వీకరించిరి, తమ ధర్మమునకు తగినట్లు మలచుకొనిరి. బేయిక్తనోలో 1959 మొదలుకొని జరిగిన త్రవ్వకములలో విష్ణ్వాలయము బయల్పడలేదు. బయల్పడినవి మన నాగార్జునకొండ కట్టడములను పోలిన ఇటుకల స్తూపము, విహారము. మన కృష్ణాతీరమునుండి ఐరావతీతీరమునకు పోయిన బాటలో బౌద్ధమును కలదు, వైష్ణవమును కలదు. ఒకదానిని చూపి రెండవదానిని దాచుట ధర్మము కాదు. శ్రీక్షేత్రమున దొరకిన పాళీ స్వర్ణపత్రముల లిపి సైతము 5, 6 శతాబ్దులనాటి ఆంధ్ర కర్ణాట లిపులకు చుట్టము.

లూస్ గారి కాలమున మన పండితులు కొందరు బృహద్భారతమను పేర, తూర్పుదేశములన్నియు మన వలసలే యన్నట్లు వ్రాసిరి. నీహార్ రంజన్ రాయ్ గారు మాత్రము స్వయముగా పరిశోధించి, బర్మాలోని బ్రాహ్మణ దేవతలనుగూర్చి 1932లో గ్రంథమును ప్రకటించిరి. ఇచ్చినవారి గొప్పతో పాటు పుచ్చుకొన్నవారి ప్రజ్ఞయు చరిత్రలో కనబడవలెను. విత్తనము మనదైనను పంట పండించినది ఆ నేల, ఆ రైతు.

రంగము వెళ్లినవారు

లూస్ గారి జీవితమునకును మన తెలుగువారి కష్టములకును చిత్రమైన సామ్యము కలదు. రంగూనును మన ఉత్తరాంధ్రులు రంగమందురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగము వెళ్లిరి. కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు మనలను కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను ఓడరేవున తెలుగు కూలీలకును బర్మా కూలీలకును పని విషయమున తగవు పుట్టి, అల్లరులుగా మారి, వందమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మరణించినవారిలో పలువురు మనవారే. శాసనములలో దానధార విడిచిన దేశముననే రక్తధార పారినది. పేదవానికిని పేదవానికిని నడుమ కూలి డబ్బులే కత్తులైనవి.

1942లో జపాను సేనలు వచ్చినప్పుడు నాలుగైదు లక్షల భారతీయులు బర్మానుండి బయలుదేరిరి. అడవులలో, కొండదారులలో ఆకలిచేతను, రోగములచేతను వేలాదిమంది నేలకొరిగిరి. ఆ సంవత్సరమే లూస్ గారును కుటుంబముతో భారతదేశమునకు తరలివచ్చిరి. యుద్ధానంతరము తిరిగి రంగూను చేరి పనిని కొనసాగించిరి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చినది. 1964లో దుకాణములు, వ్యాపారములు జాతీయము చేయబడగా లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో స్వదేశము చేరిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట పేరు నేటికిని ఆ కథను చెప్పుచున్నది. అదే 1964లో లూస్ దంపతులును ఆ దేశము విడువవలసివచ్చెను. ఏబది రెండేండ్ల క్రిందట యువకుడై వచ్చినవాడు డెబ్బది యైదేండ్ల వృద్ధుడై వెడలిపోయెను.

పొమ్మన్న దేశముపై ఆయన ద్వేషము పూనలేదు. ఇంగ్లీషు చానెల్ నడుమనున్న జెర్సీ ద్వీపమున కూర్చుండి 1969-70 సంవత్సరములలో ప్రాచీన బర్మా, తొలి పగాను అను మహాగ్రంథమును మూడు సంపుటములుగా వెలువరించిరి. అప్పటికి ఎనుబది యేండ్లు. 1979 మే 3వ తేదీన తొంబదవ యేట పరమపదించిరి. పగానుకు పూర్వదశలనుగూర్చిన గ్రంథము వారి మరణానంతరము 1985లో అచ్చైనది. వారి గ్రంథములు, వ్రాతప్రతులు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. ఫలాపేక్ష లేని కర్మయనుటకు గీతాచార్యుడు చెప్పిన లక్షణములన్నియు ఈ జీవితమున కనిపించుచున్నవి.

లూస్ గారి సిద్ధాంతములన్నియు నేడు నిలిచియున్నవని నేననను. పగాను నాగరికత మోన్ జాతివారినుండి వచ్చినదను ఆయన అభిప్రాయమును 2005లో మైకేల్ ఆంగ్-త్విన్ గారు గట్టిగా ఖండించిరి. ఆ వాదము ఇంకను తెగలేదు. ఇందు అగౌరవమేమియు లేదు. లూస్ గారు అద్దాల మేడ వంశావళిని శిలతో పరీక్షించిరి. తరువాతివారు లూస్ గారిని అదే శిలతో పరీక్షించుచున్నారు. ఆయన అచ్చు తీసియుంచిన శాసనములే ఆయనను ఖండించువారికిని ఆధారములు. గురువు చేయగల దానములలో ఇంతకు మించినది లేదు.

మన కర్తవ్యము

ఇక చివరి మాట. పగాను 1975లోను, 2016లోను భూకంపములకు గురియైనది. ఆలయములు బీటలు వారినవి. అయినను మనుష్యులు పూనుకొని నిలిపిరి. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో దానికి స్థానము లభించినది. మన గ్రామములలోని గుడులకు భూకంపము రానక్కరలేదు. జీర్ణోద్ధరణ యను పేర మన చేతులే చాలును. శాసనముపై సున్నము పూయుదుము. రంగు వేయుదుము. ఇసుకను వేగముగా చిమ్మి రాళ్లను తెల్లబరచుదుము, అక్షరములు అరిగిపోవును. శాసనపు బండను మెట్టుగా వేయుదుము, దానిపై సిమెంటు పోయుదుము. నాడు నూనెకై మాన్యమిచ్చిన అవ్వ పేరును, దీపమునకు గోవులనిచ్చిన కాపు పేరును మన పాదములక్రింద అణచివేయుదుము. ఇది దాతలపట్ల ద్రోహము కాదా?

తిరుమల క్షేత్రమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు శాసనములను సేకరించి చదువగా, దేవస్థానమువారు 1931 మొదలుకొని సంపుటములుగా ప్రకటించిరి. స్వామివారి కైంకర్యముల చరిత్ర మనకు తెలియుట ఆ పుణ్యమువలననే. ప్రతి గ్రామమునను అంతటి పండితుడు ఉండకపోవచ్చును. కాని ప్రతి భక్తుడును చేయదగిన పని కలదు. మీ ఊరి గుడిలో అక్షరములున్న బండ కనబడినచో సున్నము పూయనీయకుడు. మెత్తని వస్త్రముతో దుమ్ము తుడువుడు. శుభ్రముగా ఛాయాచిత్రము తీయించి పురావస్తుశాఖవారికి తెలుపుడు. పిల్లలను పిలిచి చూపుడు. కుంభాభిషేకమునకు ముందు ధర్మకర్తలు శాసనముల పట్టిక వ్రాయించి యుంచుకొనుట మేలు.

విదేశీయుడు, అన్యమతస్థుడు, పరదేశపు గుడిలోని రాతిముందు అర్ధశతాబ్ది కూర్చుండెను. మన ఊరి గుడిలోని రాతిముందు మనమొక గడియ నిలువలేమా? కులశేఖర నంబి వెలిగించిన దీపము ఆరినను, ఆయన అక్షరము ఆరలేదు. క్షరము కానిదే అక్షరము. దానిని కాపాడుటయు భగవత్కైంకర్యమే.

సర్వే జనాః సుఖినో భవంతు.